కెమెరాల సెట్టు, ట్యాగు గేటు, గుండ్రటి అద్దం: చిన్న దుకాణానికి ఏది దండగ, ఏది పండగ

పాత కిరాణా కొట్టుకు చేతివాటం గాళ్ల బెడద పెద్దగా ఉండేది కాదు. గిరాకీ కౌంటరుకు ఇవతల, సరుకంతా అవతల. కొట్టాయన అందిస్తే తప్ప అగ్గిపెట్టె కూడా చేతికి వచ్చేది కాదు. ఆ చెక్క కౌంటరే పెద్ద సెక్యూరిటీ పరికరం, దానికి కరెంటు బిల్లు కూడా లేదు. ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా 600 నుంచి 1000 చదరపు అడుగుల 'సూపర్ మార్కెట్లు' వచ్చాయి. జనం బుట్ట పట్టుకుని ర్యాకుల మధ్య తిరిగి తామే తీసుకుంటారు. అమ్మకం పెరిగింది, దాంతోపాటు నెలాఖరు లెక్కలో తేలే తరుగు కూడా పెరిగింది. ఆ తరుగు చూసి బెంబేలెత్తిన యజమాని దగ్గరికి డీలర్ మూడు వస్తువులు పట్టుకొస్తాడు: నాలుగు కెమెరాల సెట్టు, తలుపు దగ్గర కూతపెట్టే ట్యాగు గేటు, మూలన పెట్టే గుండ్రటి అద్దం. మాటల మధ్యలో "అసలే రోజులు బాగాలేవు, కత్తులు పట్టుకుని వస్తున్నారు" అని ఒక భయం కూడా జోడిస్తాడు. ఆ మూడింటినీ, ఆ భయాన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

నాలుగు కెమెరాల సెట్టు

బజార్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఈ కూర్పు: 2 మెగాపిక్సెల్ అనలాగ్ కెమెరాలు నాలుగు (రెండు డోమ్, రెండు బుల్లెట్), 4 ఛానళ్ల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), 1 టీబీ హార్డ్ డిస్క్, 90 మీటర్ల 3+1 కేబుల్ చుట్ట, పవర్ సప్లై, ఎనిమిది బీఎన్‌సీ కనెక్టర్లు, నాలుగు డీసీ పిన్నులు. పెట్టె మీద 'ఫుల్ హెచ్‌డీ' అని ఉంటుంది. ఇక్కడే మొదటి దెబ్బ తగిలేది.

చవక డీవీఆర్లు చాలావరకు '1080 ఎన్' అనే పద్ధతిలో రికార్డు చేస్తాయి. నిజమైన ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటే ఇందులో ఉండేవి 960. సగం. టీవీలో లైవ్ చూసినప్పుడు బొమ్మ బాగానే కనిపిస్తుంది. దొంగతనం జరిగాక రికార్డు తీసి ముఖం దగ్గరికి జూమ్ చేస్తే మాత్రం పిండి ముద్ద కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషిని ఎవరో గుర్తుపట్టాలంటే, అతను నిలబడ్డ చోట మీటరు వెడల్పుకు 250 చుక్కలు పడాలన్నది సీసీటీవీ ప్రమాణాల్లో వాడే లెక్క. రోజూ వచ్చే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికైతే 125 చాలు. సెట్టులో సాధారణంగా వచ్చే 3.6 ఎంఎం లెన్స్ 5 మీటర్ల దూరంలో సుమారు 8 మీటర్ల వెడల్పును చూపిస్తుంది. 1920ని 8తో భాగిస్తే 240, కొద్దిలో తప్పింది. 960ని భాగిస్తే 120. అంటే '1080 ఎన్' డీవీఆర్‌తో ముఖం తేటగా పడాలంటే మనిషి కెమెరాకు సుమారు 2.4 మీటర్ల లోపలికి రావాలి. అంత దగ్గరికి వచ్చేది తలుపు దగ్గర, బిల్లింగ్ దగ్గర మాత్రమే.

కాబట్టి కొనేముందు డీలర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్" కాదు, "రికార్డింగ్ ఏ రిజల్యూషన్‌లో, సెకనుకు ఎన్ని ఫ్రేములు" అని. డీవీఆర్ మెనూలో ఎన్‌కోడ్ పేజీ తెరిపించి కళ్లతో చూడాలి. అక్కడ 1080పీ (అసలు ఫుల్ హెచ్‌డీ), 15 ఫ్రేములు ఉంటే తీసుకోవచ్చు. ఆ పేజీ చూపించడానికి డీలర్ నీళ్లు నమిలితే ఆ సెట్టు జోలికి పోకండి.

రెండో దెబ్బ డిస్కు. కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ పడుతుంది. నాలుగింటికి 86 జీబీ పైమాటే. 1 టీబీ డిస్కు 11 రోజుల్లో నిండిపోయి, పాత రికార్డు మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. నెలకోసారి స్టాకు లెక్కపెట్టే కొట్టులో తరుగు బయటపడే రోజుకు, అది జరిగిన రోజు ఫుటేజీ ఉండదు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన సామెత ఇలాంటి సెట్టుకే సరిపోతుంది. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం కింద జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల రికార్డు ఉంచుకోవాలి. ఆ లెక్కన నాలుగు కెమెరాలకు 2.6 టీబీ కావాలి, అంటే 4 టీబీ డిస్కు. నిఘా రికార్డింగ్ కోసమే చేసిన డిస్కు తీసుకోవాలి. కంప్యూటర్ నుంచి ఊడదీసిన పాత డిస్కు వేస్తే, రాత్రింబవళ్లు రాస్తూనే ఉండాల్సిన పనికి అది కొన్ని నెలలకే చతికిలబడుతుంది. అదీ చప్పుడు లేకుండా. తెర మీద లైవ్ వస్తూనే ఉంటుంది, రికార్డు మాత్రం ఉండదు. డీవీఆర్ మెనూలో 'డిస్కు లోపం' అలారానికి బీప్ పెట్టుకునే వీలుంటుంది. ఫిట్టింగ్ కుర్రాళ్లు దాన్ని ఆన్ చేయకుండా వెళ్లిపోవడమే ఎక్కువ. అది ఆన్ చేయించాలి. వారానికోసారి, సోమవారం షట్టర్ తీయగానే, శనివారం సాయంత్రం 7 గంటల రికార్డు తెరిచి నాలుగు కెమెరాల్లోనూ ఒక నిమిషం చూడాలి. అయిదు నిమిషాల పని.

కేబుల్ సంగతి. చుట్టలో వచ్చే తీగ చాలాసార్లు అసలు రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. పగలు అంతా బాగుంటుంది. చీకటి పడి కెమెరాలో ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరా వేసుకునే వెలుగు) వెలిగేసరికి కరెంటు ఎక్కువ లాగుతుంది, 30, 40 మీటర్ల అవతల ఉన్న కెమెరాకు 12 వోల్టులు అందవు. బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. 'కెమెరా పోయింది' అని మార్చేస్తారు, కొత్తదీ అదే చేస్తుంది. తీగ కొన గీరి చూస్తే లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. దూరం కెమెరాకు విడిగా అడాప్టర్ దగ్గర్లో పెట్టించుకుంటే తీగ మార్చకుండానే గండం గడుస్తుంది.

బిగించే ఎత్తు ఇంకో పెద్ద తప్పు. అందకూడదని పైకప్పుకు, 10, 11 అడుగుల్లో కొడతారు. అక్కడి నుంచి కనిపించేది టోపీ, నడినెత్తి, బట్టతల. తలుపు కెమెరా 7 నుంచి 8 అడుగుల ఎత్తులో, లోపలికి వచ్చే మనిషి ముఖం నేరుగా పడేలా ఉండాలి. తలుపు తూర్పుకో పడమరకో ఉంటే ఎండ వెనకనుంచి పడి ముఖం నల్లగా వస్తుంది. ఈ ఒక్క కెమెరాకు మాత్రం 120 డీబీ వైడ్ డైనమిక్ రేంజ్ (వెనక ఎండ ఉన్నా ముఖం కనపడేలా సరిచేసే గుణం) ఉన్నది విడిగా కొనాలి. మిగతా మూడు చవకవైనా నష్టం లేదు. షట్టర్ బయట పెట్టే బుల్లెట్ కెమెరాకు ఇంకో పీడ ఉంది. ఐఆర్ వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీడు. లెన్స్ ముందు ఒక్క సాలెపోగు గాలికి ఊగితే చాలు, మోషన్ రికార్డింగ్ రాత్రంతా ఆడుతుంది, ఫోనుకు వందల అలర్టులు వస్తాయి. మూడో రాత్రికి యజమాని అలర్టులు ఆపేస్తాడు. నెలకు రెండుసార్లు పొడిగుడ్డ కట్టిన కర్రతో తుడవడమే దీనికి మందు.

ఇక గడియారం. డీవీఆర్ టైము నెమ్మదిగా జరుగుతుంది, లోపలి చిన్న బ్యాటరీ పోతే ఏకంగా పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ ఉంటే ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము తానే సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేయించాలి. ఫుటేజీలో 4:10 అని, బిల్లు మీద 4:32 అని ఉంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే. కోర్టుకు వెళ్లేదాకా వస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఫుటేజీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం యంత్రం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మార్చలేదని తేల్చే అంకెల గుర్తు) రాయాలి. తెర మీద ఆడుతున్న వీడియోను ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే సాక్ష్యంగా దాని బలం చాలా తక్కువ. పెన్‌డ్రైవ్‌లోకి డీవీఆర్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేయాలి, అసలు రికార్డు మీద కొత్తది రాయబడకుండా ఆ క్లిప్పును లాక్ చేయాలి.

డీవీఆర్‌ను గల్లాపెట్టె కింద అందరికీ కనపడేలా పెడుతున్నారు. షట్టర్ లేపి వచ్చినవాడు పోతూ పోతూ దాన్నీ చంకన పెట్టుకుపోతాడు. అటక మీద, తాళం ఉన్న గాలాడే ఇనుప పెట్టెలో ఉండాలి. పాస్‌వర్డ్ ఫిట్టింగ్ కుర్రాడు పెట్టినదే ఉంచకండి. కొత్తగా కొంటున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ సీసీ కెమెరాలకు సైబర్ భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ పరీక్ష పాసైన మోడలేనా అని బిల్లు రాయించే ముందే అడగాలి, పాత స్టాకు అంటగట్టే అవకాశం ఉంది.

మొత్తం మీద ఈ సెట్టుకు 5కి 3 మార్కులు. దొంగను ఆపుతుందని కొంటే 2 కూడా దండగ. జరిగింది ఏమిటో, ఎప్పుడో, ఏ ర్యాకు దగ్గరో తెలుసుకోవడానికైతే పనికొస్తుంది.

ట్యాగు గేటు

మాల్స్‌లో తలుపు పక్కన నిలబెట్టే రెండు పలకలు. సరుకుకున్న ట్యాగును బిల్లింగ్ దగ్గర తీయకుండా, లేదా చల్లార్చకుండా (పనిచేయకుండా చేయకుండా) వాటి మధ్యనుంచి దాటితే కూతపెడతాయి. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. 8.2 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసేది ఒకటి, దీన్ని ఆర్ఎఫ్ అంటారు. 58 కిలోహెర్ట్జ్‌లో అయస్కాంత కంపనంతో పనిచేసే ఏఎం రకం రెండోది. ఆర్ఎఫ్ స్టిక్కర్ పల్చగా కాగితంలా ఉంటుంది, చవక. ఏఎం స్టిక్కర్ కొంచెం ఉబ్బెత్తుగా, చిన్న ప్లాస్టిక్ బిళ్లలా ఉంటుంది, ధర ఎక్కువ. పలకల మధ్య ఆర్ఎఫ్‌కు సుమారు మీటరు దూరం దాటితే పట్టు తప్పుతుంది, ఏఎం మీటరున్నర పైన కూడా పట్టుకుంటుంది.

బట్టల దుకాణానికి ఇది మంచి పెట్టుబడి. కిరాణాకు కాదు. కారణం సరుకులోనే ఉంది. నెయ్యి డబ్బా రేకు, కాఫీ పొడి ప్యాకెట్ లోపల అల్యూమినియం పొర, షాంపూ అంటే నీళ్లు. లోహానికి అంటుకున్న ఆర్ఎఫ్ స్టిక్కర్ శ్రుతి తప్పిపోతుంది, గేటుకు అది కనపడనే కనపడదు. ఏఎం కొంత నయం, కానీ 120 రూపాయల వస్తువుకు స్టిక్కర్ ఖర్చు, అతికించే కూలీ, బిల్లింగ్ దగ్గర చల్లార్చే టైము కలిపితే లాభంలోంచే కోత పడుతుంది.

బట్టలకు వాడేది గట్టి ట్యాగు, మేకులాంటి పిన్నుతో. విప్పే అయస్కాంతం బిల్లింగ్ బల్లకు బిగించి ఉండాలి, సొరుగులో విడిగా ఉండకూడదు. విడిగా ఉంటే పోయే మొదటి వస్తువు అదే, బయట దొరికే మామూలు అయస్కాంతాలకు లొంగని గట్టి తాళం ట్యాగులే తీసుకోవాలి. ట్యాగు పెట్టే చోటు కూడా ముఖ్యం. కుట్టు మీదుగా, మెడ పట్టీ లోపలో నడుము పట్టీ దగ్గరో గుచ్చాలి. పలుచని జార్జెట్ మీద నడి బట్టలో గుచ్చితే కన్నం పడి సరుకు పాడవుతుంది. పట్టుచీరకు అసలు గుచ్చకూడదు, అంచు మడతలోంచి దారంతో కట్టే ట్యాగు వాడాలి.

గేటు బిగించినరోజు డెమో చూసి సంతకం పెట్టేయకండి. పరీక్ష ఇలా చేయాలి. ఒక ట్యాగును చీలమండ దగ్గర, నడుము దగ్గర, భుజం దగ్గర పట్టుకుని, నిలువుగా, అడ్డంగా, పలకకు ఎదురుగా మూడు కోణాల్లో, మామూలు నడకతో పదేసి సార్లు దాటాలి. మొత్తం 90 సార్లు. 80కి తక్కువ మోగితే పలకల దూరం తగ్గించాలి, లేదా సెట్టింగ్ మార్పించాలి. చాలా గేట్లు నడుము దగ్గర బాగా పట్టి చీలమండ దగ్గర వదిలేస్తాయి.

అసలు గేటును చంపేది అది మోగకపోవడం కాదు, ఊరికే మోగడం. చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు, పక్కనే ఉన్న డిస్‌ప్లే బోర్డు పవర్ సప్లై, ఇనుప షట్టర్ పట్టాలు, తలుపుకు మీటరున్నర లోపల వేలాడదీసిన ట్యాగు బట్టలు, వీటిలో ఏదైనా చాలు. రోజుకు ఇరవైసార్లు ఊరికే మోగితే కాపలా మనిషి తల కూడా ఎత్తడు, 'పదండి పదండి' అని చెయ్యి ఊపుతాడు. ఆ రోజుతో గేటు పని అయిపోయినట్టే. బిగించే ముందు ఆ చోట లైట్లు ఒక్కొక్కటి ఆర్పుతూ వెలిగిస్తూ నాయిస్ మీటరు (గేటుకు అడ్డొచ్చే తరంగాల కొలత) చూపించమనాలి. బట్టల దుకాణానికి 5కి 4, కిరాణాకు 1.

అద్దం, ర్యాకు, లెక్క

డీలర్ అద్దం గురించి పెద్దగా చెప్పడు, దాని మీద మిగిలేది తక్కువ. నిజానికి మూడింట్లో డబ్బుకు తగిన పని చేసేది ఇదే. 24 అంగుళాల పాలికార్బనేట్ కుంభాకార దర్పణం, ర్యాకు చివర మూలన, 8 అడుగుల ఎత్తులో, బిల్లింగ్ సీటులో కూర్చున్న మనిషికి ఆ వరుస కనపడేలా. గాజుది వద్దు, పడితే పగులుతుంది.  కూర్చున్న మనిషి ఎత్తులో కళ్లు పెట్టి కోణం సరిచేయాలి. నిలబడి సరిచేస్తే కూర్చున్నాక కనిపించేది ఫ్యాన్. కెమెరాలాగే ఇది దొంగను పట్టుకోదు, కానీ 'చూస్తున్నారు' అనే సంగతి వాడికి చెబుతుంది. అప్పుడప్పుడు ఒక పలకరింపు కూడా చేరితే ఇంకా బాగా చెబుతుంది. "ఏం కావాలమ్మా, సంచి ఇక్కడ పెట్టండి" అన్న మాట వంద కెమెరాల పెట్టు.

ఏవి పోతాయో ముందే చెప్పవచ్చు. నేరశాస్త్రవేత్త రొనాల్డ్ క్లార్క్ 1999లో దొంగలు ఇష్టపడే సరుకుకు ఆరు లక్షణాలు చెప్పాడు: దాచుకోవడానికి వీలు, తీసుకుపోవడానికి తేలిక, అందుబాటు, విలువ, వాడుకునే సరదా, మళ్లీ అమ్ముకునే వీలు. ఈ ఆరూ పట్టుకుని కొట్టులో ఒక చుట్టు తిరిగితే జాబితా తయారవుతుంది. రేజర్ బ్లేడ్లు, బాదం, జీడిపప్పు ప్యాకెట్లు, చిన్న నెయ్యి సీసాలు, పసిపిల్లల పాలపొడి, డియోడరెంట్లు, ఫేస్ క్రీములు, పెద్ద చాక్లెట్లు. బియ్యం బస్తా ఎవడూ ఎత్తుకుపోడు. ఈ ఇరవై ముప్ఫై రకాలను బిల్లింగ్‌కు ఎదురుగా, లేదా వెనక పాత పద్ధతి కౌంటర్ ర్యాకులోకి మారిస్తే, తరుగులో పెద్ద భాగం ఆరోజే ఆగుతుంది. మిగతా ర్యాకులు నాలుగున్నర అడుగులు దాటకుండా ఉంటే మనిషి తల కనిపిస్తుంది.

రోజూ మొత్తం స్టాకు లెక్కపెట్టనక్కర్లేదు. ఆ ముప్ఫై రకాల్లో రోజుకు పది చొప్పున రాత్రి లెక్కపెట్టి, కంప్యూటర్ లెక్కతో సరిచూస్తే మూడు రోజులకో చుట్టు పూర్తవుతుంది. అప్పుడు కెమెరా నిజంగా పనికొస్తుంది. 'మంగళవారం రాత్రికి, శుక్రవారం రాత్రికి మధ్య నాలుగు బ్లేడు ప్యాకెట్లు' అని తెలిస్తే చూడాల్సిన రికార్డు మూడు రోజులది, ఒక్క ర్యాకుది.

చీరల దుకాణాల్లో, నగల దుకాణాల్లో వేరే ఎత్తు నడుస్తుంది. పోలీసులు 'దృష్టి మళ్లించడం' అని పిలిచే రకం. అయిదారుగురు గుంపుగా వస్తారు, ఒకరు రంగు బాగాలేదంటారు, ఇంకొకరు పైన ఉన్నది దింపమంటారు, ఒకరు మంచినీళ్లు అడుగుతారు. పరుపు మీద నలభై చీరలు కుప్పపడ్డాక ఒకటి పోయినా లెక్క తేలదు. దీనికి పరికరం లేదు. అయిదు చీరలు పరిస్తే, ఆరోది తీసే ముందు ఒకటి మడత పెట్టి లోపలికి వెళ్లాలి. నగలకైతే ఒకసారి ఒకటే ట్రే, ట్రేలో గుంటలన్నీ నిండి ఉండాలి. ఖాళీ గుంట ఉంటే వెంటనే కనపడుతుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంతవరకు పడుతుంది. రద్దైన బిల్లులు, తిరిగి ఇచ్చినట్టు రాసిన సరుకు, అమ్మకం లేకుండా గల్లా తెరిచిన సార్లు. ఈ మూడు రిపోర్టులు వారానికోసారి, మనిషివారీగా తీయాలి. ఒకే పేరు మీద రద్దులు పోగుపడితే ఆ టైములకు కౌంటర్ కెమెరా రికార్డు చూడాలి. పనివాళ్లు యజమాని సరుకు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306 కింద 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. దాన్ని చూపించి బెదిరించడం కంటే, రిపోర్టు తీస్తున్నారని అందరికీ తెలియడమే ఎక్కువ పనిచేస్తుంది.

పట్టుకున్న తర్వాతి పది నిమిషాలు

ఏ డీలరూ అమ్మని, అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇది. చేతివాటం చాలావరకు చప్పుడు లేని నేరం. ఆపినప్పుడే అది చప్పుడు చేస్తుంది. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. సరుకు పట్టుకుపోతూ ఎవరినైనా కొట్టినా, కొడతానని అప్పటికప్పుడు భయపెట్టినా అది దొంగతనం కాదు, న్యాయ సంహిత 309 కింద దోపిడీ, 10 ఏళ్ల వరకు కఠిన శిక్ష. అయిదుగురు, అంతకు మించి కలిస్తే 310, బందిపోటుతనం. తలుపు దగ్గర చెయ్యి పట్టుకుని లాగిన కుర్రాడు, 300 రూపాయల డియోడరెంట్ కోసం తన కడుపులో కత్తి పోటు కొనుక్కోవచ్చు.

అవతలివైపు కూడా అంతే. పట్టుకున్న మనిషిని గోదాములో కూర్చోబెట్టి, నాలుగు తగిలించి, 'దొంగ' అని ఫోటో తీసి వ్యాపారుల గ్రూపులో పెడితే కేసు తిరగబడుతుంది. కొట్టినందుకు న్యాయ సంహిత 115, నిర్బంధించినందుకు 127, పేరు పాడుచేసినందుకు 356. ఒళ్లు తడిమే హక్కు దుకాణదారుకు లేదు. ఆడమనిషిని సోదా చేయాల్సింది మహిళా పోలీసే. ఆడవాళ్ల ట్రయల్ రూములో కెమెరా అయితే 77వ సెక్షన్ కింద నేరుగా నేరం.

మామూలు దొంగతనానికి 303(2) కింద 3 ఏళ్ల వరకు శిక్ష. సరుకు విలువ 5,000 రూపాయల లోపు, మొదటిసారి శిక్ష పడినవాడు, సరుకో దాని విలువో తిరిగి ఇస్తే సమాజ సేవ. ఈ చిన్న దొంగతనం, కొత్త ప్రక్రియా చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) పట్టికలో వారెంటు లేకుండా అరెస్టుకు వీలులేని, బెయిలబుల్ రకంలో ఉంది. మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకుని అప్పగించే హక్కు నాగరిక్ సురక్షా సంహిత 40లో ఉంది గానీ, అది కళ్లెదుట జరిగిన నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల) నేరానికే. ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. సరుకు నిల్వ ఉండే భవనంలో దొంగతనానికి 305 కూడా ఉంది, 7 ఏళ్ల వరకు. ఏ సెక్షన్ వర్తిస్తుందన్నది స్టేషన్లో తేలే మాట. చెయ్యి వేసే ముందు ఇదంతా తలుపు దగ్గర ఎవడు లెక్కేస్తాడు?

అందుకని పనివాళ్లకు నేర్పాల్సింది ఇంతే. ఇద్దరు కలిసి, చేతికి అందనంత దూరంలో నిలబడి, "ఆ వస్తువు బిల్లు చేయడం మరిచిపోయినట్టున్నారు, రండి చేద్దాం" అనాలి. వస్తే డబ్బు తీసుకుని పంపడం. రాకపోతే దారి వదలడం, 112కు ఫోను, బండి నంబరు, వెళ్లిన వైపు. వెంటపడకూడదు. ఆపడానికి ముందు మూడు సంగతులు ఎవరో ఒకరు కళ్లారా చూసి ఉండాలి: ర్యాకు నుంచి తీయడం, దాచడం, బిల్లింగ్ దాటిపోవడం. మధ్యలో ఒక్క నిమిషం కనుమరుగైనా ఊరుకోవాలి. మళ్లీ ర్యాకులో పెట్టేసి ఉండొచ్చు.

డీలర్ భయం నిజమెంత?

ఇది లెక్కేయడానికి ఒక ఉచిత సరుకు ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే నేరాల నివేదిక. వెబ్‌సైటులో మూడు సంపుటాలుగా దొరుకుతుంది. 2022 నివేదిక ప్రకారం దేశంలో 28,522 హత్యలు నమోదయ్యాయి. కారణాల్లో మొదటిది గొడవలు, 9,962. తర్వాత పాత కక్షలు, 3,761. లాభం కోసం చేసినవి 1,884, అంటే నూటికి ఏడు లోపే. డీలర్ చెప్పే కత్తి మనిషి ఈ చివరి వరుసలోవాడు. మన దుకాణదారుకు దగ్గరగా ఉన్న ప్రమాదం మొదటి వరుసలో ఉంది: అరువు బాకీ మీద మాట, షట్టర్ ముందు బండి పెట్టడం మీద మాట, రాత్రి తాగి వచ్చిన గిరాకీతో చిల్లర మీద మాట. దీనికి గేటు, కెమెరా పనికిరావు. బాకీ మాట నలుగురి ముందు ఎత్తకపోవడం, రాత్రి తొమ్మిది తర్వాత కౌంటర్‌లో కోపిష్టి కుర్రాడిని కూర్చోబెట్టకపోవడం పనికొస్తాయి.

ఆ నివేదికకూ లోపాలున్నాయి. అది స్టేషన్లో నమోదైన కేసుల లెక్క మాత్రమే. ఒక ఎఫ్ఐఆర్‌లో పలు నేరాలుంటే పెద్ద నేరం కిందే లెక్కిస్తారు, హత్యతో కూడిన దోపిడీ హత్యల్లోకే పోతుంది. దుకాణాల్లో చేతివాటానికి విడి వరుస లేదు, అన్నీ దొంగతనాల్లో కలిసిపోతాయి. నగరాల పట్టికల్లో 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలే ఉంటాయి, తెలుగు రాష్ట్రాల నుంచి హైదరాబాద్ ఒక్కటే. విజయవాడ, విశాఖ వ్యాపారికి తన ఊరి బొమ్మ అందులో దొరకదు. కేసులు ఎక్కువ నమోదైన రాష్ట్రంలో నేరాలు ఎక్కువని కూడా కాదు, స్టేషన్లో రాసుకోవడం సులువని కావచ్చు. ఉచితం కాబట్టి 5కి 4 ఇవ్వొచ్చు.

లాభం కోసం జరిగే హింస మాత్రం ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. 1979లో కోహెన్, ఫెల్సన్ చెప్పిన సూత్రం ప్రకారం మూడు ఒకచోట కలవాలి: చేయాలనుకునేవాడు, తగిన వస్తువు, అడ్డుపడే మనిషి లేకపోవడం. దుకాణంలో ఆ మూడూ కలిసేది రాత్రి మూసే వేళ, ఒంటరి మనిషి, నిండిన గల్లా దగ్గర. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం రాత్రి తెరిచి ఉండే దుకాణాలకు 1992లో దీన్నే చట్టంగా చేసింది. గల్లాలో 50 డాలర్లకు మించి లేదని బోర్డు, మిగతాది లోపల పడితే బయటికి రాని పెట్టెలోకి, అద్దాల మీద పోస్టర్లు లేకుండా బయటికి స్పష్టంగా కనపడటం, బయట వెలుతురు. పెద్ద నేరం జరిగిన చోటైతే రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఇద్దరు మనుషులు లాంటి అదనపు ఏర్పాట్లు. అక్కడి గెయిన్స్‌విల్ నగరం 1987లోనే ఇద్దరు మనుషుల నిబంధన పెట్టింది. అమెరికాలో గ్యాస్ స్టేషన్లలో (పెట్రోలు బంకుల్లో) రాత్రి షిఫ్టులు చేసే మన పిల్లలు పనిలో చేరే ముందు యజమానిని అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే. గల్లాలో ఎంత ఉంచుతారు, రెండో మనిషి ఉంటాడా, తుపాకీ చూపిస్తే డబ్బు ఇచ్చేయమని రాసిపెట్టారా.

మన ఊళ్లో అదే పని ఇలా చేయొచ్చు. గల్లాలో రెండు మూడు వేలు దాటితే ఎప్పటికప్పుడు గోడకు బిగించిన, పై చీలికలోంచి వేసే ఇనుప పెట్టెలోకి. తాళం చెవి బిల్లింగ్ మనిషి దగ్గర ఉండకూడదు, ఆ సంగతి బోర్డు మీద రాసి ఉండాలి. డబ్బు లెక్క షట్టర్ సగం దించి, తలుపు ఎదురుగా కాదు. బ్యాంకుకు వెళ్లే టైము, దారి రోజూ ఒకటే కాకూడదు. షట్టర్‌కు రెండు పక్కల తాళాలు చాలవు, మధ్యలో నొక్కి పైకి లేపుతారు. నడుమ ఇంకో తాళం, లోపల తీగతో కలిపిన అయస్కాంత సెన్సార్, సైరన్. సైరన్ పెట్టె కొట్టు లోపల కాదు, వీధిలో పైన, తీగ కనపడకుండా.

ఫ్లోరిడా చట్టంలోని ఇంకొక వస్తువు ఇక్కడ ఎవరూ అమ్మరు, కొననక్కర్లేదు కూడా. తలుపు చట్రం మీద ఎత్తు గుర్తులు. రెండు రంగుల టేపుతో 5 అడుగులు, 5 అడుగుల 6 అంగుళాలు, 6 అడుగుల దగ్గర అడ్డగీతలు వేసి, తలుపు కెమెరా బొమ్మలో అవి పడుతున్నాయో లేదో చూసుకోవాలి. ముఖానికి కర్చీఫు కట్టుకున్నవాడి ఎత్తు కూడా ఫుటేజీలో తెలుస్తుంది. పోలీసులు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి, భయపడ్డ మనిషి ఎప్పుడూ నాలుగంగుళాలు ఎక్కువే చెబుతాడు.